18 వేలకు పోయిన పద్మిని: అది నిజంగా చౌకేనా?

మీరు అడిగిందాంట్లో మూడు ప్రశ్నలున్నాయి, అందుకే జవాబు కాస్త పొడుగైంది. మీ ఇంట్లో ఉన్న 1992 మోడల్ ప్రీమియర్ పద్మినిని నాన్నగారు 2004లో 18 వేలకు అమ్మేశారు. మొన్న అలాంటి బండినే ఎవరో 4 లక్షలకు అమ్మకానికి పెట్టడం చూసి అందరూ నాలుక కరుచుకున్నారు. "అప్పుడు ఉంచుకుని ఉంటే ఎంత బాగుండేది, పార్టులు కూడా పప్పుబెల్లాల ధరకే దొరికేవట, ఇప్పుడైనా ఒకటి కొనొచ్చా?" అన్నారు. పాత బండి ఎక్కడుందో కనుక్కునే దారి ఉందా అని కూడా అడిగారు.

నేను 1984 నుంచి 2011 దాకా విజయవాడ ఆటోనగర్‌లో ఫియట్, అంబాసిడర్ స్పేర్ పార్టుల కౌంటర్ మీద కూర్చున్నాను. పద్మిని అంటే ఫియట్ బండే, పేరు మారిందంతే. షాపు మూసేశాక కూడా కొన్ని బిల్లు పుస్తకాలు అటక మీద ఉండిపోయాయి. నిన్న రాత్రి వాటిని దింపి దుమ్ము దులిపాను. మా ఆవిడ తిట్టింది, అది వేరే సంగతి. కింద నేను చెప్పే పార్టుల ధరలు ఆ పుస్తకాల్లోవి.

ముందు నాన్నగారి మీద పడ్డ నింద తీసేద్దాం. 2004లో పది గ్రాముల బంగారం 6 వేల లోపే. ఆ 18 వేలు పట్టుకుని బజారుకెళితే మూడు తులాలు వచ్చేది. ఇప్పుడు తులం లక్ష దాటింది. అంటే ఆ డబ్బు మీ అమ్మగారి మెడలో ఉన్నా ఈపాటికి 3 లక్షలు దాటేది. పైగా దానికి షెడ్డు అక్కర్లేదు, మూడేళ్లకో బ్యాటరీ అక్కర్లేదు, టైర్లు అక్కర్లేదు, ప్రతి ఐదేళ్లకీ ఆర్టీయే ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. ఇరవై ఏళ్ల పాటు ఓ పద్మినిని కదిలే స్థితిలో ఉంచాలంటే ఎంత పొదుపుగా చేసినా ఏడాదికి 10 వేల పైన అవుతుంది. ఆ 4 లక్షల్లోంచి ఇదంతా తీసేయండి, మిగిలేది పెద్దగా ఉండదు. అన్నిటినీ బంగారంతో తూచడం సరి కాదని నాకూ తెలుసు. కానీ మన ఇళ్లల్లో 18 వేలు చేతికొస్తే వెళ్లే చోట్లు రెండే: ఒకటి బంగారం, రెండోది పిల్లల ఫీజులు. మీవాళ్ల విషయంలో రెండోదే జరిగుంటుందని నా అనుమానం.

ఇంకాస్త వెనక్కి వెళితే అసలు "పాత రోజుల్లో కార్లు చౌక" అన్న మాటే నిలబడదు. 1970లో ఫియట్ గానీ అంబాసిడర్ గానీ 16 వేల చుట్టూ ఉండేది. వినడానికి ముచ్చటగా ఉంది కదా? అదే ఏడాది పది గ్రాముల బంగారం 184 రూపాయలు. కారు ధరకి 85 తులాలకు పైనే వచ్చేది. ఒక హైస్కూలు టీచరు ఉన్న జీతమంతా దాచినా ఏళ్ల తరబడి పట్టే డబ్బది. అప్పట్లో కారంటే డాక్టరు, వకీలు, రైసు మిల్లు యజమాని, సినిమా హాలు యజమాని. మిగతా ఊరు రోడ్డు పక్కన నిలబడి చూసేది.

పైగా డబ్బుంటే సరిపోయేది కాదు. 1969లో ప్రభుత్వం కార్ల ధరలు తానే నిర్ణయించింది. కంపెనీలు సుప్రీం కోర్టుకెక్కాయి, కోర్టు లెక్కలు తేల్చడానికి ఓ కమిషన్ వేసింది. ఇదంతా కాగితం మీద ధర గురించిన పంచాయతీ. అసలు కారు చేతికి రావాలంటే పేరు రాయించుకుని ఏళ్లపాటు ఎదురుచూడాలి. ఫియట్‌కి ఆ క్యూ మరీ పొడుగు. నంబరు వచ్చినవాడు షోరూం గుమ్మంలోనే పైన కొంత వేసుకుని ఇంకొకడికి అమ్ముకునేవాడు. దీన్నే "ఆన్" అనేవాళ్లం: కంపెనీ ధర ఇంత, ఆన్ ఇంత. అందుకే ఎవరైనా పాత ప్రకటన ఫోటో పెట్టి "చూడండి కారు ధర!" అంటే నాకు నవ్వొస్తుంది. ఆ ప్రకటనలో ఆన్ సంగతి ఉండదు.

మరి 2004 నాటికి 18 వేలకు ఎలా పడిపోయింది? అక్కడే అసలు కథ ఉంది.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. ధర దాదాపు 50 వేలు. లక్షకు పైగా బుకింగులు పడ్డాయి. దాంతో ఫియట్ పని అయిపోయిందని అందరూ అనుకున్నారు గానీ, ఆ తర్వాత పదేళ్ల దాకా మా కౌంటర్ మీద రద్దీ తగ్గలేదు. మారుతి బండ్లు అడిగినవాళ్లందరికీ అందేవి కావు, ట్యాక్సీ వాళ్లకేమో రేకు గట్టిగా ఉన్న బండే కావాలి. అసలు దెబ్బ 1993లో కార్ల తయారీకి లైసెన్సులు ఎత్తేశాక పడింది. 1998 కల్లా సాంట్రో, మటీజ్, ఇండికా ఒకదాని వెనక ఒకటి దిగాయి. బ్యాంకులు ఇంటికొచ్చి లోన్లిచ్చాయి. 2000 ప్రాంతంలో పద్మిని తయారీ ఆగిపోయింది. ఏసీ లేని, స్టీరింగ్ పక్కన గేరు ఉన్న, ఎండాకాలంలో ఇంజను దగ్గరుండే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేస్తే గానీ కదలని బండిని ఆ తర్వాత ఎవరు కొంటారు? డ్రైవింగ్ స్కూలు వాళ్లు కొన్నారు. పల్లెల్లో కిరాయికి తిప్పేవాళ్లు కొన్నారు. మిగతావి తుక్కువాళ్లు.

ఇక్కడ చిన్న లెక్క చెబుతాను, మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. పద్మిని బరువు దాదాపు 900 కిలోలు. అప్పట్లో మా దగ్గర కాటా మీద పాత ఇనుము కిలో పది రూపాయల లోపే. సీట్లు, అద్దాలు పోగా ఇనుముకి ఓ 6 వేలు, ఇంజను, టైర్లు, బ్యాటరీ విడిగా అమ్మితే ఇంకో 5, 6 వేలు. అంటే తుక్కు చేస్తే 12 వేలు, నడిచే బండిగా అమ్మితే 18 వేలు. మధ్యలో ఉన్నది 6 వేలు. అదే బండి ఇంజను పొగ కొట్టడం మొదలుపెట్టిందనుకోండి. సిలిండర్ల లోపలి గోడ కోసి సాఫు చేయించి, అంటే బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేసి, క్రాంకు గ్రైండింగ్ చేయించి, బేరింగులు మార్చి, హెడ్డు పని చేయిస్తే 10 వేలు. బుర్ర ఉన్నవాడెవడూ 18 వేల బండికి 10 వేలు పెట్టడు. ఇంజను పొగ కొట్టిన రోజున బండి కాటా ఎక్కేది.

మీరు ఏ చౌక ధర గురించి దిగులు పడుతున్నారో, ఆ ధరే ఆ బండ్లను చంపింది. ఖరీదుగా ఉన్నంతకాలం జనం వాటిని బాగు చేయించుకున్నారు. మా షాపు తెరిచిన కొత్తలో ఇరవై ఏళ్ల ఫియట్‌కి కూడా మూడోసారి బోరు చేయించేవాళ్లు, ఎందుకంటే దానికి బదులు ఇంకోటి దొరికేది కాదు. చౌకైన పదేళ్లలోనే సగానికి సగం మాయమయ్యాయి. అది నా కళ్లతో చూశాను. కొన్నింటిని నా చేతులతోనే మాయం చేశాను కూడా.

2002లో గుడివాడ దగ్గర ఒక పల్లెలో పశువుల పాకలో నిలబెట్టిన ఫియట్ 1100 ఉందని ఒక మేస్త్రి చెప్పాడు. వెళ్లి చూస్తే పాతది, 1964లో డిలైట్ అనే మోడల్ రాకముందుది. ముందు డోర్లు వెనక్కి తిరిగి తెరుచుకునే రకం. బొంబాయి వాళ్లు దాన్ని డుక్కర్ ఫియట్ అంటారు, అంటే పంది ఫియట్ అని, ఆ గుండ్రటి వొళ్లు చూసి. ఫ్లోరు మొత్తం తుప్పు, వెనక సీట్లో కోడి పొదిగింది. 7 వేలకు బేరం కుదిరింది. రెండు నెలలు షాపు ముందు పెట్టాను. చూసినవాళ్లు నవ్వారు, ఒక్కరూ ధర అడగలేదు. మూడో నెలలో పక్క షాపతను దారికి అడ్డమని గొడవ పెట్టుకున్నాడు. కోయించేశాను. ఇంజను కృష్ణలో తిరిగే ఓ బోటుకి వెళ్లింది, డోర్లు ఎవరో పట్టుకెళ్లారు, మిగతాది కాటాకి. అన్నీ కలిపి 11 వేలు వచ్చాయి. 4 వేల లాభం, ఆ రోజు సంతోషంగానే ఇంటికెళ్లాను. ఇవాళ ఆ మోడల్ డొక్కు, ఇంజను లేకుండా, కాగితాలు సరిగ్గా ఉంటే చాలు, లక్ష పైన అడుగుతున్నారు.

బాధ లేదా అంటే ఉంది. తప్పు చేశానా అంటే, ఆ రోజు నా దగ్గరున్న లెక్క ప్రకారం లేదు.

ఇక పార్టుల ధరలు. 1997 పుస్తకంలోంచి కొన్ని చెబుతాను. కాంటాక్టు పాయింట్ల సెట్టు 28 రూపాయలు. హెడ్ గ్యాస్కెట్ 55. వాటర్ పంపు కిట్టు 60. వెనక లైటు గ్లాసులు జత 110. క్రోమ్ వీల్ కప్పు ఒక్కోటి 75. ఇప్పుడు ధరలు చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. పాయింట్ల సెట్టు 200 లోపు దొరుకుతుంది. గ్యాస్కెట్ 400, 500. జీతాలు పెరిగిన లెక్కన చూస్తే ఇవి పెరిగినట్టే కాదు. కానీ వెనక లైటు గ్లాసుల జత, కంపెనీ మార్కుతో పగలకుండా ఉన్నది, 4 వేలు చెబుతారు. వీల్ కప్పు వెయ్యి పైనే. ముందు గ్రిల్లు, హారన్ రింగు, డోరు హ్యాండిళ్లు, క్రోమ్ బంపర్ల ధరలు వినకపోతేనే మంచిది.

ఎందుకిలా? దీనికి కారణం ట్యాక్సీలు. పద్మిని ఇంజను 1089 సీసీ, మొదటి నుంచి చివరిదాకా పెద్దగా మారలేదు. 1964 డిలైట్, 1972లో ప్రెసిడెంట్, 1974లో పద్మిని అని పేర్లు మారాయి గానీ లోపలి సరుకు చాలావరకు అదే. మా కౌంటర్ దగ్గర ఎవరూ పద్మిని అనేవాళ్లు కూడా కాదు, "ఫియట్‌కి పంపు ఇవ్వు బాబాయ్" అనేవాళ్లు. ముప్పై ఏళ్ల పాటు ఒకే పార్టు, దాన్ని రోజూ అరగదీసే బొంబాయి ట్యాక్సీలు వేల సంఖ్యలో. ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా చిన్న చిన్న వర్క్‌షాపుల వాళ్లు ఈ గిరాకీ చూసుకునే గ్యాస్కెట్లు, ముందు చక్రాలు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నులు, బ్రేకు సిలిండర్లు చేస్తూ వచ్చారు. అంబాసిడర్‌కి కలకత్తా పసుపు ట్యాక్సీలు అదే మేలు చేశాయి. అందువల్ల బండిని నడిపించే పార్టులు చౌకగా ఉండిపోయాయి. ట్యాక్సీవాడు గ్రిల్లు కొనడు, హారన్ రింగు కొనడు. అందుకని వాటిని ఎవరూ చేయలేదు.

దీంట్లో భయపడాల్సిన విషయం ఒకటుంది. బొంబాయిలో ట్యాక్సీకి ఇరవై ఏళ్ల గడువు. చివరి పద్మిని ట్యాక్సీ రిజిస్టరైంది 2003 అక్టోబరులో. 2023 అక్టోబరుతో దాని గడువూ తీరిపోయింది. కలకత్తాలో పదిహేనేళ్ల గడువు, అక్కడా అంబాసిడర్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి, 2014లోనే వాటిని తయారుచేసే ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ ఆగిపోయింది కదా. రోజువారీ అరుగుదల పోతే ఆ వర్క్‌షాపులు ఇంకెన్నాళ్లు చేస్తాయి? కాబట్టి మీరు కొంటే గనక ఇప్పుడు దాచుకోవాల్సింది మెరిసే సామాను కాదు. రెండు సెట్లు కింగ్ పిన్నులు బుష్షులతో సహా, ఒక క్లచ్ ప్లేటు, బ్రేకు సిలిండర్ల కిట్లు, కార్బరేటర్ కిట్లు, గేరు లివరు కింద ఉండే చిన్న బుష్షులు. ఈ బుష్షులు అరిగితే రెండో గేరు కోసం చెయ్యి గాల్లో వెతుక్కుంటుంది. ఇవాళ వీటన్నిటికీ కలిపి అయ్యేది ఓ ఫోను ధర.

కొనేటప్పుడు "ఒరిజినల్" అన్న మాట దగ్గర జాగ్రత్త. లూకాస్, మైకో, సోలెక్స్ లాంటి పార్టుల కంపెనీల పేర్లున్న పాత అట్టపెట్టెలకే ఇప్పుడు ఒక బజారు ఉంది. పాత డబ్బాలో కొత్త లోకల్ మాల్ పెట్టి మూడింతలకు అమ్ముతున్నారు. డబ్బా చూసి మురిసిపోకుండా పార్టు మీద గుద్దిన మార్కు చూడండి. గుద్దిన అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి, అచ్చు తీసి పోసినవి మెత్తగా, కరిగిన మైనంలా ఉంటాయి.

ఆ 18 వేల బేరం లాంటి నా సొంత కథ కూడా చెప్పేస్తాను, మీ నాన్నగారికి కాస్త ఊరటగా ఉంటుంది. 2011లో షాపు ఖాళీ చేసేటప్పుడు అడుగున మూడు గోతాలు మిగిలాయి. వెనక లైటు గ్లాసులు, గడియారం బిళ్లలు, క్రోమ్ బీడింగులు, డోరు హ్యాండిళ్లు. పదేళ్లుగా అడిగినవాడు లేడు. బొంబాయి నుంచి వచ్చిన ఒకాయన గోతాల్లోకి చెయ్యి పెట్టి ఒకసారి కలియదిప్పి, 14 వేలు చేతిలో పెట్టాడు. తుక్కు ధరకంటే మూడింతలు ఇచ్చాడని ఆయనకి భోజనం కూడా పెట్టించాను. ఆ గోతాల్లో ఏముందో ఇప్పటి ధరల్లో లెక్క కట్టే పని నేను ఒకసారి మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను.

పార్టులతో పాటే పెరిగింది, పెరగాల్సింది కూడా, పనివాళ్ల కూలి. అప్పట్లో నిజంగా చౌకగా దొరికింది ఏదైనా ఉందంటే అది టింకరింగ్ మేస్త్రి చెయ్యి. తొంభైల్లో రోజుకు 150 రూపాయలకి, 18 గేజి రేకు ముక్క తీసుకుని, ఇసక సంచి మీద పెట్టి కొడుతూ మధ్యాహ్నం భోజనం లోపు ఫియట్ ఫుట్‌బోర్డు చేసి పెట్టేవాడు. కొలత టేపు వాడేవాడు కాదు, అవతలి వైపు బోర్డు మీద జానలేసి చూసుకునేవాడు. గ్యాసు వెల్డింగుతో అతికించి ఆకురాయితో సాఫు చేస్తే అతుకు ఎక్కడుందో మనకే తెలిసేది కాదు. ఆయన కొడుకులెవరూ ఆ పనిలోకి రాలేదు. ఆ కూలికి ఎందుకొస్తారు? ఇప్పుడు షోరూములకి కావాల్సింది డోరు విప్పి కొత్త డోరు బిగించేవాళ్లు, అంతే. రేకు కొట్టి ఆకారం తెచ్చే మేస్త్రి ఆటోనగర్ మొత్తంలో నాకు తెలిసి వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉన్నారు. రోజుకు వెయ్యి పైన తీసుకుంటారు, అడిగిన రోజున రారు. మనం పాత ధరల కోసం బెంగపెట్టుకునేటప్పుడు ఆ 150 రూపాయలు కూడా ఆ ధరల్లో భాగమేనని నాకు గుర్తొస్తూ ఉంటుంది.

ఇప్పుడు మీరు కొనాలా వద్దా అన్నది. లాభం కోసమైతే వద్దు. ఇష్టం ఉంటే కొనండి. కానీ 4 లక్షల బండి చూడగానే పరిగెత్తకండి, లక్షన్నర బండి చూసి అసలే పరిగెత్తకండి. లక్షన్నర బండికి టింకరింగు, పెయింటు లక్ష, క్రోము పని 40, 50 వేలు, సీట్లు, వైరింగు, ఇంజను కలిపి ఇంకో లక్ష. మధ్యలో మేస్త్రి మాయమై ఏడాది షెడ్డులో పడి ఉంటుంది. చివరికి 4 లక్షల బండే చౌక అని తేలుతుంది. వేరేవాళ్లు డబ్బు, ఓపిక పోసి పూర్తి చేసి విసిగిపోయి అమ్మే బండి దొరికితే అదే మంచి బేరం.

చూడటానికి వెళ్లేటప్పుడు ఒక స్క్రూడ్రైవరు, చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. ఫుట్‌బోర్డుల కింద, జాకీ పెట్టే చోట, డిక్కీ అడుగున అయస్కాంతం అంటకపోతే అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. ఇంజను చప్పుడుకి భయపడకండి, ఇంజను బాగు చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. రేకు పోయిన బండి మాత్రం వద్దు. బంపర్లు, గ్రిల్లు, లైట్లు, అద్దాలు, అన్నీ బండి మీద ఉన్నాయో లేవో ఒక్కొక్కటే చూసుకోండి. "అవి ఎక్కడైనా దొరుకుతాయండీ" అని అమ్మేవాడు అంటే, అవి దొరకవని ఆయనకి తెలుసని అర్థం. క్రోము వేయించడానికి ఇస్తే ప్రతి ముక్కకీ ముందే ఫోటో తీసి, లోపలివైపు గుర్తు గీకి ఇవ్వండి. నేను ఇవ్వలేదు. పాత గట్టి బంపరు ఇస్తే పల్చటి రేకు బంపరు మెరుస్తూ తిరిగొచ్చింది, నాది కాదని నిరూపించుకోలేకపోయాను.

కాగితాలు రేకుకంటే ముఖ్యం. పదిహేనేళ్లు దాటిన కారుకి ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్. 2022 ఏప్రిల్‌కి ముందు దీని ఫీజు 600, తర్వాత 5,000 చేశారు. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్సు విడిగా ఉంటుంది. మధ్యలో రెన్యువల్ వదిలేసిన బండైతే బాకీలన్నీ మీ నెత్తిన పడతాయి. ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందటి ఫైనాన్స్ కంపెనీ పేరు ఆర్సీలో అలాగే ఉండిపోయి, ఆ కంపెనీయే లేకుండా పోయిన కేసులు చాలా చూశాను. ఆ పేరు తీయించాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. అలాగే ఆర్సీలో ఉన్నాయన చనిపోయి ముగ్గురు కొడుకులున్న బండి. ముగ్గురూ సంతకం పెడితేనే అడ్వాన్సు ఇవ్వండి.

"వింటేజ్ బండి సార్" అనే మాటకి మోసపోకండి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ కింద రావాలంటే బండికి యాభై ఏళ్లు దాటాలి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్తగా రిజిస్టర్ చేస్తే 20 వేలు ఫీజు, పదేళ్లకు చెల్లుతుంది, నంబరులో వీఏ అని వస్తుంది. ఆ బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ర్యాలీలకీ, ప్రదర్శనలకీ, పెట్రోలు పోయించుకోవడానికీ, రిపేరుకీ మాత్రమే. 1974 నాటి మొదటి పద్మినులే ఇప్పుడిప్పుడే ఆ వయసుకొస్తున్నాయి. మీరు చూసేది తొంభైల బండి కాబట్టి మామూలు ఆర్సీయే ఉండాలి. అదే మీకు మంచిది కూడా, ఆదివారం పూట అమరావతి దాకా వెళ్లి రావచ్చు.

పెట్రోలు గురించి ఒక్క మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపింది. ఆ కాలం రబ్బరు పైపులు, పంపులో ఉండే డయాఫ్రం దాన్ని తట్టుకోలేవు, మెత్తబడి కారతాయి. కొన్న వారంలోనే పెట్రోలు పైపులన్నీ కొత్త రకానివి వేయించండి. నెలల తరబడి ట్యాంకు నిండా పెట్రోలుతో నిలబెట్టొద్దు, తేమ పట్టి ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. సీసం కలిపిన పెట్రోలు 2000లోనే పోయింది కాబట్టి, హెడ్డు ఇప్పినప్పుడు గట్టి వాల్వు సీట్లు వేయించారా అని కూడా అమ్మేవాణ్ని అడగండి. తెల్లమొహం వేస్తే వేయించలేదని అర్థం. రోజూ దూరాలు తిప్పకపోతే దానికి అంత తొందర లేదు.

చివరికి మీ పాత బండి. ఏపీ 16 నంబరు గుర్తుందన్నారు కాబట్టి ముందు రవాణా శాఖవారి ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూడండి. రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కి ఉంటే ఆర్సీ బతికి ఉందో లేదో, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. ఓనరు పేరు పూర్తిగా కనపడదు. ఏమీ రాకపోతే బండి పోయిందని అనుకోకండి, ఆ కాలపు రికార్డులు చాలా వరకు ఎక్కనే లేదు. వేరే రాష్ట్రానికి వెళ్లి నంబరు మారి ఉండొచ్చు కూడా. అప్పుడు మిగిలేది ఛాసిస్ నంబరు. నాన్నగారి బీరువాలో పాత ఇన్సూరెన్సు కాగితం ఒక్కటి దొరికినా దాని మీద ఉంటుంది. ఆ నంబరు అందరికీ కనపడేలా పెట్టకండి, దాంతో దొంగ కాగితాలు పుట్టించేవాళ్లున్నారు. నాకు విడిగా చివరి నాలుగంకెలు పంపండి, ఇక్కడ ఫియట్లు చూసే ముగ్గురు నలుగురిని అడుగుతాను.

నాన్నగారు అమ్మింది లేత నీలం బండి అన్నారు. ఇప్పుడు అది ఏ రంగులో ఉందో చెప్పలేం, నలుగురు ఓనర్లు మారితే నాలుగు రంగులు పడతాయి. ఎవరైనా "ఇది మీదేనేమో" అని బండి చూపిస్తే, డిక్కీ తెరిచి స్టెప్నీ పక్కకి తీసి దాని వెనక చూడండి. రంగు వేసేవాళ్లు అంత లోపలికి స్ప్రే గన్ను పెట్టరు. అక్కడ నీలం ఉంటే అప్పుడు ఛాసిస్ నంబరు చూద్దాం.